రెండు తొక్కుల బ్రేకు

మా ఆవిడ నా కారును సవతి అంటుంది. ఆ లెక్కన మా అమ్మాయి దాన్ని పిన్ని అని పిలుస్తుంది. "పిన్నికి స్నానం అయిందా నాన్నా?" "పిన్ని ఇవాళ దగ్గుతోందేం?" అంటూ తల్లీకూతుళ్ళిద్దరూ నన్ను ఆటపట్టిస్తుంటారు. పట్టించనీ. ఎవరి పిచ్చి వాళ్ళకానందం.

ఇరవై తొమ్మిదేళ్ళ స్పోర్ట్స్ కారు అది. రెండే తలుపులు. వెనక సీటన్నది పేరుకే, చంటిపిల్లయినా అందులో కాళ్ళు చాపుకోలేదు. మీట నొక్కితే ముందు దీపాలు బానెట్లోంచి రెప్పలెత్తినట్టు పైకి లేస్తాయి. ఎడమదానికి కొంచెం బద్ధకం, కుడిదాని వెనకాలే లేస్తుంది. కూర్చుంటే నేల జానెడు దూరంలో ఉంటుంది. మూడో గేరులో మలుపు తిరుగుతున్నప్పుడు స్టీరింగు రోడ్డు సంగతులన్నీ అరచేతులకు చెబుతుంది. ఇంజను గొంతు ఒక దగ్గర సన్నబడి, అక్కణ్ణుంచి పాడటం మొదలుపెడుతుంది. అది వినడానికి నేను ఊరంతా చుట్టుతిరిగి పనికి వెళ్ళిన రోజులున్నాయి. యాభై రెండేళ్ళ మనిషికి ఇంత సంబరం ఎక్కడ దొరుకుతుంది చెప్పండి.

నేను పళ్ళసెట్లు చేస్తాను. డాక్టర్లు అచ్చులు తీసి పంపితే, ఇంటి వెనక గదిలో దీపం కింద కూర్చుని ఒక్కొక్క పన్నూ పేర్చి, వెంట్రుకవాసి ఎత్తున్నా అరగదీసి పంపుతాను. కొత్త సెట్టు పెట్టుకున్నవాళ్ళెవరైనా "ఏదో తేడాగా ఉందండీ" అంటే, "అలవాటైపోతుంది లెండి" అంటాను. నిజంగానే అయిపోతుంది. నాలుక తన దారి తాను వెతుక్కుంటుంది. నెల తిరిగేసరికి తేడా ఉందన్న సంగతే వాళ్ళకు గుర్తుండదు.

ఇంత సన్నపు పని చేసే చేతులు కదా, కారు మీద ఇంకొకడి చెయ్యి పడటం నాకు గిట్టదు. కోపం కూడా ఎక్కువే, దాచుకోవడం ఎందుకు. నన్నేమన్నా పడతాను, కారును అంటే మాత్రం ఊరుకోను. పదేళ్ళపాటు దాన్ని చూసిన మేస్త్రి ఒకడున్నాడు. వరస లేకపోయినా బావా అంటే బావా అని పిలుచుకునేవాళ్ళం. మా అమ్మాయి చిన్నప్పటినుంచీ అతన్ని మావయ్యా అంటుంది. ఆ మేస్త్రి ఒకరోజు, "బావా, నట్లూ బోల్టులూ ఎన్నయినా విప్పుకో, నీ సరదా నీది. బ్రేకులు మాత్రం నాకొదిలెయ్" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "నీకు చేతకానివి నా చేత చేయించుకుని నేర్చుకో" అన్నాను. మాట మీద మాట పెరిగింది. మూడేళ్ళయింది, అతని షెడ్డు ముందునుంచి వెళ్ళినా తల తిప్పలేదు.

నెల కిందట బ్రేకులు నేనే విప్పాను. చక్రం లోపల తిరిగే ఇనప పళ్ళేన్ని రెండువైపులా పట్టి ఆపే భాగం ఒకటుంటుంది, కాలిపర్ అంటారు. ముందు చక్రాలకు చెరొకటి. రెంటినీ ఊడదీసి, గీకి, ఎర్ర రంగు మూడు పూతలు వేశాను. చక్రాల ఊచల సందుల్లోంచి ఆ ఎరుపు కనిపిస్తే ఎంత అందమో, కార్ల పిచ్చి ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. తిరిగి బిగించి, బ్రేకు ఆయిలు పోసి, ఆ పైపుల్లో చిక్కుకున్న గాలి తీసి, నాలుగు వీధులు తిప్పాను. ఆగింది. మా ఆవిణ్ణి పిలిచి ఎరుపు చూపించాను. "లిప్‌స్టిక్కు కూడా వేశారా?" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఏడాదికోసారి మాలాంటి పాతకార్లవాళ్ళమంతా ఒకచోట చేరతాం. ఈసారి కొండకు అవతల, చెరువు గట్టు కింద మైదానంలో పెట్టారు. కొండెక్కడానికి పన్నెండు కిలోమీటర్లు, అవతల దిగడానికి తొమ్మిది. దిగుడంతా మలుపులే. ఆ ఉదయమే ఒక డాక్టరు ఫోను చేశాడు. ఎవరో పెద్దాయన సెట్టు విరిగింది, మధ్యాహ్నం మనవరాలి పెళ్ళిచూపులట, నోట్లో పళ్ళు లేకుండా ఎలా కూర్చుంటాడని. కాదనలేకపోయాను. ఎనిమిదిలోపు చేరకపోతే మైదానంలో ముందు వరస దొరకదు. అప్పుడు మా అమ్మాయి అంది, "నేను తీసుకెళ్ళనా నాన్నా? మీరూ అమ్మా వెనకాల అమ్మ కార్లో రండి."

దానికి ఇరవై మూడేళ్ళు. ఆసుపత్రిలో నడకలు నేర్పే పని చేస్తుంది, కాళ్ళు విరిగినవాళ్ళకు. డ్రైవింగు నాకన్నా నిదానం. ఐదేళ్ళుగా అడుగుతోంది, ఐదేళ్ళుగా నేను వద్దంటున్నాను. ఆ రోజు ఏ కళనున్నానో, సరేనన్నాను. దాని మొహం చూడాలి.

సరే అనగానే సరిపోతుందా? కాగితం తీసి కారు పద్ధతులన్నీ రాశాను. తలుపు కొంచెం పైకెత్తి వెయ్యాలి. రెండో గేరు తొందరపెట్టకూడదు. ఎడమ అద్దాన్ని దించేటప్పుడు చేత్తో సాయం పట్టాలి. పెట్రోలు ముల్లును నమ్మకూడదు, కిలోమీటర్లు లెక్కపెట్టుకోవాలి. ఇలా పదింటిదాకా రాసి, పదకొండోది గట్టిగా చదివి వినిపించాను: "నా కార్లో ఉన్నంతసేపూ ఫోను ఆపేసి సంచిలో పెట్టాలి." అన్నిటికీ "సరే నాన్నా" అంది. పిన్నిని తీసుకుని గేటు దాటింది. మలుపు తిరిగేదాకా ఆ శబ్దం విన్నాను.

విరిగిన సెట్టు అతికించి, నునుపు చేసి, డాక్టరు మనిషికి అప్పజెప్పేసరికి ముప్పావు గంట పట్టింది. మా ఆవిడ చిన్న కారు స్టీరింగు ముందు నేనే కూర్చున్నాను. ఆవిడ పక్కన కూర్చుని ఒళ్ళో టిఫిను డబ్బాల సంచి పెట్టుకుంది. మొదటి సిగ్నలు దగ్గర ఆపాను. ఆవిడ తల ముందుకు ఊగి వెనక్కి కొట్టుకుంది. రెండో సిగ్నలు దగ్గర మళ్ళీ అంతే. మూడోసారి డబ్బా ఒకటి కింద పడింది.

"ఏం డ్రైవింగండీ ఇది? మెడ విరగ్గొడతారా?"

"నీ కారు బ్రేకులు కరుస్తున్నాయి. నేనేం చెయ్యను?"

"నా బ్రేకులకేం రోగం. మీరే రెండేసిసార్లు తొక్కుతున్నారు."

"నేనా? రెండుసార్లా?"

"ఇందాకట్నుంచీ చూస్తున్నా. ముందొకసారి తొక్కి, వదిలేసి, మళ్ళీ తొక్కుతున్నారు. ఎందుకలా?"

"నీకు కళ్ళద్దాలు మార్చాలి" అని కసురుకున్నాను. అప్పుడే ఎదురుగా ఒక సైకిలు అడ్డమొచ్చింది. ఈసారి నా కాలిని నేనే చూశాను. తొక్కింది, లేచింది, మళ్ళీ తొక్కింది. నేను చెప్పకుండానే తొక్కింది.

కారు పక్కకు తీసి ఆపాను. ఎందుకో నాకు వెంటనే అర్థం కాలేదు. ఒళ్ళు మాత్రం ముందే చల్లబడిపోయింది. నెలరోజులుగా నా కారు తప్ప ఇంకోటి నడపలేదు. అంటే నెలరోజులుగా ఆ కారు బ్రేకును రెండుసార్లు తొక్కుతున్నాను. మొదటి తొక్కుకి పెడలు ఊరికే కిందికి పోతుంది, రెండోదానికి పట్టుకుంటుంది. మొదట్లో మెత్తగా ఉందనిపించే ఉంటుంది. పాత కారు కదా, అలవాటైపోతుందిలే అనుకుని ఉంటాను. అలవాటైపోయింది. ఎంతగా అంటే, పదకొండు జాగ్రత్తలు రాసినవాడికి పన్నెండోది ఒకటుందని తెలియనంతగా.

పెడలు అలా మెత్తబడిందంటే లోపల గాలి మిగిలిపోయిందన్నమాట. గాలి పైకి పోతుంది, అందుకే దాన్ని వదిలే చిన్న మూత కాలిపరుకు పైభాగాన ఉండాలి. గాలి తీసిన రోజు గుర్తుచేసుకున్నాను. మూతకు తగిలించిన పైపు సీసాలోకి తిన్నగా కిందికి వేలాడింది. ఎంత వీలుగా ఉందో అని మురిసిపోయాను కూడా. మూత కింద ఉంది! ఎడమది కుడికీ, కుడిది ఎడమకీ బిగించేశాను. ఏది ఎటో చెప్పే అక్షరం వాటిమీదే పోతపోసి ఉంటుంది. దానిమీద నేను మూడు పూతల ఎరుపు పూశాను.

"ఏమైందండీ?" అంది మా ఆవిడ. నా మొహం ఎలా ఉందో గానీ ఆవిడ గొంతు మారిపోయింది.

"దానికి బ్రేకులు సరిగ్గా లేవు. నేనే పాడుచేశాను."

ఏ దానికి అని ఆవిడ అడగలేదు. సంచిలోంచి ఫోను తీసి అమ్మాయికి చేసింది. స్విచ్చాఫ్. మళ్ళీ చేసింది. స్విచ్చాఫ్. "ఫోను ఆపెయ్యమంది మీరేగా" అని మాత్రం అంది. తిట్టి ఉంటే బాగుండేది.

కొండ దారి పట్టాను. లెక్కలు వేసుకుంటున్నాను. ముప్పావు గంట ముందు బయల్దేరింది. నిదానంగా వెళ్ళినా ఈపాటికి శిఖరం దాటి ఉంటుంది. ఎక్కేటప్పుడు భయం లేదు, కాలు తీస్తే బండి దానంతటదే తగ్గుతుంది. దిగేటప్పుడే. దిగుతూ మాటిమాటికీ బ్రేకు తొక్కితే అవి వేడెక్కుతాయి. వేడెక్కేకొద్దీ పెడలు ఇంకా మెత్తబడుతుంది. ఇవాళ్టిదాకా రెండు తొక్కులకు ఆగింది మూడు అడుగుతుంది. ఆ తర్వాత ఎన్ని తొక్కినా నేలకి తగులుతుంది. అమ్మాయికి రెండుసార్లు తొక్కాలనే తెలియదు. ఎవరు చెప్పారు గనక?

చేతులు స్టీరింగు మీద జారుతున్నాయి. ముందు ఒక ఇసుక లారీ, పక్కకు పోదు, వేగంగా పోదు. హారను కొట్టాను. తిట్టాను. లారీవాడి ఏడుతరాల్నీ తిట్టాను. మా ఆవిడ నా మోచేతి మీద చెయ్యేసి, "దాని దగ్గరికి మనం చేరాలి కదండీ, మెల్లిగా" అంది.

ఎనిమిదో కిలోమీటరు దగ్గర ఆరేడుగురు పిట్టగోడ మీద వంగి లోయలోకి చూస్తున్నారు. రెండు మోటారు సైకిళ్ళు రోడ్డు మధ్యలోనే వదిలేసి ఉన్నాయి. నా పైప్రాణాలు పైనే పోయాయి. కారు ఎలా ఆపానో, తలుపు ఎలా తీశానో తెలియదు. వాళ్ళను తోసుకుని గోడ దగ్గరికి వెళ్ళాను. కింద చెట్ల మీద ఎర్రగా ఏదో గుడ్డ. ఒక కుర్రాడు వెనక్కి తిరిగి, "గాలికి మా ఆవిడ చున్నీ ఎగిరిపోయిందండీ, కర్ర ఏదైనా ఉందా మీ దగ్గర?" అన్నాడు. పక్కన పిల్ల నవ్వుతోంది. నేను గోడ పట్టుకుని అక్కడే కూలబడ్డాను. ఆ కుర్రాడు మంచినీళ్ళ సీసా అందించాడు. తాగడానికి చేతకాక సగం చొక్కా మీద పోసుకున్నాను.

ఇసుక లారీని ఎలాగో దాటి, శిఖరం మీద టీకొట్టు దగ్గర ఆగి అడిగాను. కొట్టువాడు వెంటనే చెప్పాడు. "లైట్లు లేచే కారేనా? ఇక్కడ కాసేపు ఆపింది ఆ అమ్మాయి. టీ కూడా తాగలేదు. కార్లోనే కూర్చుని పెడలు తొక్కుతూ ఉంది. అవతలికి దిగుడు పట్టి ఇరవై నిమిషాలైంది."

పెడలు తొక్కుతూ ఉందట. అంటే తెలిసింది. తెలిసీ దిగిందా? ఎందుకు దిగింది? అక్కడే ఆగి ఉండొచ్చు కదా, టీకొట్టు ఉంది, మనుషులున్నారు. నాకేం పాలుపోలేదు. మా ఆవిడ మళ్ళీ ఫోను కలిపింది. ఈసారి మోగలేదు, స్విచ్చాఫ్ అనీ రాలేదు. వేరే కాల్‌లో ఉన్నారని వచ్చింది.

"మాట్లాడుతోంది!" అంది ఆవిడ. "మాట్లాడుతోందంటే బాగున్నట్టే కదండీ?"

"ఊఁ" అన్నాను. కానీ నా బుర్రలో ఇంకోటి తిరుగుతోంది. దాని ఫోను తీసి ఎవరో ఆంబులెన్సుకు చేస్తున్నారేమో. ఆ మాట పైకి అనలేదు. ఆవిడా అదే అనుకుందని తర్వాత చెప్పింది.

దిగుడు మొదలైంది. మొదటి మలుపు. ఏమీ లేదు. రెండో మలుపు. రోడ్డు మీద టైర్ల నల్లటి చారలు, వంకరగా. కొత్తవో పాతవో తెలియడం లేదు. మా ఆవిడ కళ్ళు మూసుకుంది. మూడో మలుపులో లోయవైపు పిట్టగోడ పగిలి ఉంది. పగిలిన చోట గడ్డి మొలిచి కనిపించేసరికి, పాతదే, పాతదే అని పైకే అన్నాను. దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. కారు అమ్మేస్తానన్నాను. ముక్కలు చేసి తూకానికి వేస్తానన్నాను. నా కాలు ఇంకా రెండేసిసార్లే తొక్కుతోంది, తిట్టినా మానడం లేదు.

నాలుగో మలుపు తిరగ్గానే కనిపించింది. కారు కొండవైపు మట్టిగట్టుకు ఆనుకుని నిలబడి ఉంది. ముందు చక్రం కింద బండరాయి. తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఎవరూ లేరు.

"అమ్మా!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

మా అమ్మాయి కారు వెనకనుంచి లేచి నిలబడింది. దుమ్ముకొట్టుకుపోయిన బట్టలు, మోచెయ్యి దోక్కుపోయింది. చేతిలో ఫోను. రెండు కాళ్ళ మీద నిలబడి ఉంది, అంతే చాలనుకున్నాను. మా ఆవిడ డబ్బాల సంచి అక్కడే వదిలేసి పరిగెత్తి దాన్ని పట్టుకుంది. నాకు మాత్రం అడుగు పడలేదు.

మా అమ్మాయి తల్లి భుజం మీదుగా నన్ను చూసింది. చూడగానే దాని మొహం పాలిపోయింది. ఆ మొహాన్ని నేను గుర్తుపట్టాను. గంటసేపటినుంచీ అద్దంలో కనిపిస్తున్న నా మొహమే అది. తల్లిని విడిపించుకుని, కారుకూ నాకూ మధ్య వచ్చి నిలబడింది.

"నాన్నా, బంపరు మూల కొంచెం గీసుకుంది. లైటు దగ్గర సొట్ట కూడా పడింది. గట్టుకి ఆనిస్తే తప్ప ఆగలేదు. హ్యాండ్‌బ్రేకు వేశాను, రెండో గేరు కూడా వేశాను. నిజంగా వేశాను. సారీ నాన్నా."

"బ్రేకులు బాలేవని నీకు ఎప్పుడు తెలిసింది?" అన్నాను. మెల్లిగా అడగాలనే అనుకున్నాను. అరుపులాగే వచ్చింది.

"గేటు దగ్గరే."

"గేటు దగ్గరా? అక్కడ నేనున్నాను కదే! చెప్పొచ్చు కదా!"

అది తలదించుకుంది. చెప్పు చివరతో మట్టిని రాస్తూ, "పోయినేడు కార్లో పెట్రోలు వాసనొస్తోందన్నానని నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు కదా మీరు" అంది. "ఇవాళ మొదటిసారి ఇచ్చారు. మళ్ళీ ఏదో వంక పెట్టానంటారని... నడపడం రాక అంటున్నానంటారని... మెల్లిగా వెళ్తే చేరిపోతాననుకున్నాను. పైన ఆపి చూస్తే పర్లేదనిపించింది. మీరొచ్చేలోపు మావయ్య వచ్చి బాగుచేసేస్తే, మీకు తెలియకుండానే..."

మా ఆవిడ నా వైపు చూడలేదు. అమ్మాయి మోచేతిని చీర చెంగుతో తుడుస్తోంది. వెనక ఇసుక లారీ వచ్చి, మమ్మల్ని చూసి, వేగం తగ్గించి, పక్కనుంచి వెళ్ళిపోయింది. బ్రేకులు చేసింది నేనే అని చెప్పాలి. తప్పు నాదని చెప్పాలి. నోరు తెరిచాను. నేను నోరు తెరవడం చూసి మా అమ్మాయి ఒక అడుగు వెనక్కి వేసింది.

దాని చేతిలో ఫోను ఇంకా మాట్లాడుతూనే ఉంది. అందులోంచి మూడేళ్ళుగా నేను వినని గొంతు వినిపించింది. "అమ్మా, నేను కొండెక్కుతున్నాను. బండి కదపకు. బావ గొంతు వినిపిస్తోంది. తిడుతున్నాడా?"

మా అమ్మాయి నా మొహంలోకి ఒకసారి చూసి, ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుంది.

"ఇంకా లేదు మావయ్యా" అంది.